భాల్కి ‘ఎట్’ ఆ, ‘ఇన్’ ఆ?

 ఈసారి కొంచెం పొడుగే రాస్తున్న. ఆదివారం తీరికగా చదవండి.

సభ్యుల పుస్తకం పని నడుస్తున్న సంగతి మీ అందరికీ తెలుసు. ఊరు దాటి, దేశం దాటి పోయిన మన పిల్లలు తెలుగు మాట్లాడతరు గాని అందరూ చదవలేరు. అందుకే ఒక్కొక్క ఇంటి వివరం తెలుగుల, ఇంగ్లిష్‌ల పక్కపక్కన వేద్దామని మొన్నటి మీటింగ్‌ల అనుకున్నం. నా వంతు నేను రాసి పంపిన. మొదటి వాక్యమే ‘ఐ వాజ్ బార్న్ ఎట్ భాల్కి’.

కంప్యూటర్‌ల ఎక్కించే పని మా చెల్లెలి బిడ్డ చూస్తున్నది. అరగంటకు ఫోన్ చేసింది.

“మామా, ఎట్ కాదు, ఇన్ ఉండాలె. నేను మార్చేసిన.”

“ఎందుకు మార్చినవు బిడ్డా? మాకు నేర్పిందే ఎట్.”

“అది పాత లెక్క మామా. ఇప్పుడు అట్ల ఎవరూ రాయరు.”

సరే అని ఫోన్ పెట్టిన. కానీ ఆ రాత్రి నిద్ర సరిగ పట్టలేదు. ఇంత చిన్న మాటకు ఇంత ఆలోచన ఎందుకని మా ఇంటామె నవ్వింది. ఎందుకో చెప్పాలంటే తొమ్మిదో తరగతి దాక వెనక్కి పోవాలె.

అప్పుడు మా ఇంగ్లిష్ సార్ బోర్డు మీద రెండు వరసలు రాసిండు. ఒక దిక్కు ‘ఇన్’. దాని కింద ఇండియా, బొంబాయి, హైదరాబాద్. ఇంకో దిక్కు ‘ఎట్’. దాని కింద భాల్కి, హల్బర్గా, కమల్‌నగర్. దేశాలకు, పెద్ద పట్నాలకు ఇన్. చిన్న ఊళ్లకు, పల్లెలకు ఎట్. ఇదీ సూత్రం. సార్ సొంతంగా అల్లింది కాదు. మన తరంలో ఇంగ్లిష్ చదివినోళ్లందరికీ పెద్దబాలశిక్ష లాంటి వ్రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణంలో ఉన్నదే.

నేను చెయ్యి లేపిన. “సార్, బీదర్ ఎటు దిక్కు?”

సార్ కొంచెం ఆలోచించి, “జిల్లా కేంద్రం గద, ఇన్‌ల వేద్దాం” అన్నడు.

“మరి భాల్కి ఎప్పుడు ఇన్ అయితది సార్?”

క్లాసంతా నవ్వింది. సార్ కూడా నవ్విండు. “పెద్దగైనప్పుడు అయితది” అన్నడు. ఆయన మంచి మనిషి, ఎగతాళికి అనలేదు. కానీ ఆ మాట నాలో ఉండిపోయింది. మా ఊరు ఇంకా ‘లో’ కాదు, ఉత్త ‘దగ్గర’ అన్నట్టు.

చదువైనంక హైదరాబాద్‌ల మొదటి ఇంటర్వ్యూ. ఎక్కడ పుట్టినవ్ అని అడిగిన్రు. ‘ఎట్ భాల్కి’ అన్న. అదెక్కడ అన్నరు. ‘నియర్ బీదర్’ అన్న. ఒకాయనకు బీదర్ కూడా తెల్వదు. ‘నియర్ జహీరాబాద్’ అన్న. భాల్కికీ బీదర్‌కూ సుమారు 40 కిలోమీటర్లు, బీదర్ నుంచి జహీరాబాద్ ఇంకా ముందుకు. నేను పుట్టిన చోటును నా నోటితోనే అంచెలంచెలుగా హైదరాబాద్ దిక్కు జరుపుకుంటూ వచ్చిన. ఎట్, నియర్, నియర్. ఒక్కసారి కూడా ఇన్ అనలేదు. ఇప్పుడు ఇన్నేండ్లకు మా మేనకోడలు ఒక్క మీట నొక్కి భాల్కిని ఇన్ చేసేసింది. సంతోషపడాల్నా, ఇన్నేండ్లు తప్పు మోసినందుకు బాధపడాల్నా తెల్వలే.

మరునాడు కూచుని ఈ మూడు ముక్కల సంగతి, ఇన్, ఆన్, ఎట్, మొదటి నుంచి చూసిన. నాకు అర్థమైనంత వరకు చెప్తున్న. మీ పిల్లలకు కూడా పనికొస్తది.

ఇన్ అంటే హద్దులున్న చోటు లోపల. గది, ఊరు, చేను, దేశం. ఆన్ అంటే ఒక పరుపు మీదనో, గీత వెంబడో. బల్ల, గోడ, రోడ్డు, నది ఒడ్డు. ఎట్ అంటే చుక్క. లోపల, పైన అన్న లెక్క లేకుండా, పటంలో వేలు పెట్టి ‘ఇదిగో ఇక్కడ’ అని చూపెట్టే చోటు. ఒకే జాగ మూడు రకాలుగా కనపడొచ్చు. రైల్వే స్టేషన్ల కలుద్దాం అంటే ‘ఎట్ ది స్టేషన్’, అది కలిసే చోటు. వాన పడుతుంటే స్టేషన్ లోపల నిలబడ్డం అంటే ‘ఇన్ ది స్టేషన్’, కప్పు కింద అని. ప్లాట్‌ఫారం మీద ఉన్నం అంటే ‘ఆన్ ది ప్లాట్‌ఫారం’. మనిషి అక్కడనే ఉన్నడు. చెప్పేటోడు ఏం చూస్తున్నడో అది మారింది.

అంటే మా సార్ చెప్పిన చిన్న, పెద్ద లెక్క అసలు మూలం కాదు. మూలం చూసేటోడు ఎక్కడ నిలబడ్డడు అన్నది. దూరం నుంచి చూస్తే చిన్న ఊరు చుక్క లెక్క కనపడతది, పెద్ద పట్నం దూరం నుంచి కూడా వెడల్పుగ కనపడతది. అందుకే పాత వ్యాకరణం చిన్నూరికి ఎట్ అన్నది. రైలును తీసుకోండి. వికారాబాద్ నుంచి జహీరాబాద్, బీదర్, భాల్కి, ఉద్గీర్, లాతూర్ రోడ్ మీదుగా పర్లి దాక పోయే లైను మనది. ఆ రైలుకు భాల్కి చుక్కనే, ‘ది ట్రైన్ స్టాప్స్ ఎట్ భాల్కి’. ఇది ఇప్పటికీ తప్పు కాదు. రైలుకు బీదర్ కూడా చుక్కనే, సికింద్రాబాద్ కూడా చుక్కనే. రైలు ఎవరినీ పెద్ద చేయదు, చిన్న చేయదు. కానీ అక్కడ పుట్టి, ఆ నీళ్లు తాగి, ఆ గల్లీలల్ల తిరిగినోడికి అది చుక్క ఎట్ల అయితది? వాడు లోపలోడు. వాడికి అది ఇన్. ఊరు ఎంత చిన్నదైనా సరే, పది ఇండ్లున్న తండా అయినా సరే. ఇప్పుడు పుట్టుక గురించి, నివాసం గురించి రాసేటప్పుడు ఊరు పేరుకు ముందు ఇన్ పెట్టుడే వాడుక.

దస్తావేజులల్ల ‘సిట్యుయేటెడ్ ఎట్’, ‘రిసైడింగ్ ఎట్’ అని ఉంటది గద అంటరేమో. అది కచేరీ భాష. ఇంటి నంబరుతో పూర్తి అడ్రసు చెప్పినప్పుడు అది చుక్కనే, ఎట్ సరిపోతది. ఉత్త ఊరు పేరుకు ఎట్ పెట్టుడు ఆ కాగితాలల్ల నడుస్తది, మాట్లాడేటప్పుడు పాతగ వినపడతది. అంతే తేడా.

ఇక మనకు ఈ తికమక ఎందుకు వస్తది? మన తెలుగుల ‘లో’ ఒక్కటే ముగ్గురి పని చేస్తది. బస్సులో, ఫోన్‌లో, టీవీలో, స్టేషన్‌లో, పెండ్లిలో. ఇంగ్లిష్‌ల వరసగా ఆన్, ఆన్, ఆన్, ఎట్, ఎట్. మన ఊర్లె ఇది ఇంకా చిక్కు, ఎందుకంటే గల్లీకో భాష ఉన్నది. కన్నడపాయన ‘స్టేషన్‌నల్లి’ అంటడు, ఆయనకూ మనకు లెక్కనే ఒక్క మాటతో లోపల, దగ్గర రెండూ వస్తయి. మరాఠీ ఆయన ‘స్టేషన్‌వర్’ అంటడు, మాటకు మాట పెడితే స్టేషన్ మీద. దక్కనీల ‘స్టేషన్ పే’ అంటరు, అదీ మీదనే. మా క్లాసుల మరాఠీ ఇంటి పిల్లగాడు ‘ఆన్ ది స్టేషన్’ అని రాసేది, నేను ‘ఇన్ ది స్టేషన్’ అని రాసేది. ఇద్దరికీ ఎర్ర గీతలే. తప్పు మా ఇద్దరి తెలివిది కాదు. వాడు వాడి అమ్మ భాషతో చూసిండు, నేను నా అమ్మ భాషతో చూసిన.

మన భాషల సూక్ష్మం లేదని కూడా అనుకోవద్దు. గోడ మీద బల్లి, గోడకు కేలండర్, గోడలో పగులు. మనకు మూడు మాటలు. ఇంగ్లిష్‌ల బల్లి, కేలండర్ రెండూ ‘ఆన్ ది వాల్’, పగులు ఒక్కటే ‘ఇన్ ది వాల్’. తనంత తాను పాకి ఎక్కిందానికీ, మనం తగిలించిందానికీ తేడా మన ‘కు’ చెప్తది, వాళ్ల ఆన్ చెప్పదు. అదే చెట్టు దగ్గరికి రండి. చెట్టుకు కాయ, చెట్టు మీద పిట్ట అంటం. ఇంగ్లిష్‌ల కాయ ‘ఆన్ ది ట్రీ’, పిట్ట ‘ఇన్ ది ట్రీ’. వాళ్ల కంటికి చెట్టు కొమ్మలతో, ఆకులతో అల్లిన గూడు లాంటిది, పిట్ట దాని లోపల ఉన్నది. కాయ దానికి అతుక్కుని ఉన్నది. మన కంటికి చెట్టు ఎక్కే చోటు. ఎవరిది ఎక్కువ, ఎవరిది తక్కువ అని లేదు. ఎవరి చూపు వాళ్లది.

బస్సు సంగతి చెప్పాలె. ‘ఐ యామ్ ఆన్ ది బస్’ అని మా పిల్లగాడు అంటే, మా అమ్మ తెలుగుల అర్థం అడిగింది. “బస్సు మీద ఉన్న అంటున్నడమ్మా” అన్న. “అయ్యో, పడితే ఎట్ల! లోపలికి పొమ్మను” అన్నది. ఆమె భయంల అన్యాయం ఏం లేదు. జాతరలకు పోయేటప్పుడు సామానుతో పాటు మనుషులు కూడా బస్సు పైన కూచున్న రోజులు ఆమె చూసింది. ఇంగ్లిష్ లెక్క ఇట్ల గుర్తు పెట్టుకోండి. లేచి నిలబడి నాలుగడుగులు నడవగలిగిన బండికి ఆన్. బస్సు, రైలు, విమానం, ఓడ. వంగి ఎక్కి కూచుండుడే తప్ప నడవ వీలుకాని బండికి ఇన్. కారు, ఆటో, చిన్న పడవ. కాళ్లు అటొకటి ఇటొకటి వేసి కూచునే దానికి మళ్లీ ఆన్. సైకిలు, మోటర్‌సైకిలు, గుర్రం.

‘కార్నర్’ ఇంకొకటి. గది లోపలి మూలకు ఇన్, వీధి మలుపుకు ఎట్ లేదా ఆన్. లోపలి మూల మనను చుట్టుకుంటది, బయటి మలుపు చుక్క లెక్క నిలబడతది. ‘స్ట్రీట్’కు ఇంగ్లండ్ వాళ్లు ఎక్కువగ ఇన్ పెడతరు, అమెరికా వాళ్లు ఆన్ పెడతరు. మన పిల్లలు అక్కడొకరు ఇక్కడొకరు ఉన్నరు గనక ఇద్దరూ ఒప్పే. గ్రూపుల కొట్లాడుకోవద్దు.

ఇంతవరకు చెప్పింది సరదా సంగతి. ఇప్పుడు చెప్పేది కాదు.

రెండేండ్ల కింద మా బావ, అంటే మా అక్క పెనిమిటి, పానం బాగలేక దవాఖానాల పడ్డడు. వాళ్ల కొడుకు, నా మేనల్లుడు, మా ఇంటోళ్ల గ్రూపుల ఇంగ్లిష్‌ల ఒక్క లైను పెట్టిండు. ‘డాడీ ఎట్ హాస్పిటల్. విల్ కాల్ లేటర్.’ మేమందరం చదివినం. ఎవరికీ గుండె దడదడ అనలేదు. ఎందుకంటే మా బావను ఎరిగినోళ్లకు తెలుసు, ఊర్లె ఎవరికి జరమొచ్చినా, ఎవరి కాన్పుకైనా వెంట పోయేది ఆయననే. నెలకు నాలుగు సార్లు దవాఖాన దగ్గరనే ఉంటడు. ‘ఎట్ హాస్పిటల్’ అంటే ఎవరినో తీసుకపోయి ఉంటడు అనుకున్నం. ఇద్దరు చేతులు జోడించిన బొమ్మలు పెట్టిన్రు. నేను అదీ పెట్టలే.

నాలుగో రోజు మా అక్క ఏడ్చుకుంట ఫోన్ చేస్తే తెలిసింది. పడకల ఉన్నది ఆయననే అని. పిల్లగాడు పగలు రాత్రి ఒక్కడే ఉండి ఉండి అలిసిపోయిండు, మళ్లీ ఫోన్ చేసే ఓపిక లేదు. మా అక్క మోకాళ్లతోని మెట్లు ఎక్కలేదు. మేము పోయేసరికి బావ తేరుకున్నడు, ఇప్పుడు బాగనే ఉన్నడు. కానీ నన్ను చూసి నెమ్మదిగ ఒక మాట అన్నడు.

“మూడు రాత్రులు తలుపు దిక్కు చూసిన బావా. ఎవలన్నా వస్తరని.”

అందరికీ తోడు పోయిన మనిషి. ఆయన దగ్గర ఎవరం లేము.

ఇంగ్లిష్‌ల రోగిగా చేరితే ‘ఇన్ హాస్పిటల్’ అంటరు, అమెరికాల ‘ఇన్ ది హాస్పిటల్’ అంటరు. చూడటానికో, పని మీదనో ఆ జాగల ఉంటే ‘ఎట్ ది హాస్పిటల్’. పిల్లగాడు ఇన్ అని రాసుంటే మాలో ఒక్కరన్నా లేచేటోళ్లేమో. మన తెలుగుల ఈ తేడా చక్కగ ఉన్నది. ‘దవాఖానాల ఉన్నడు’ అంటే గుండె జల్లుమంటది. ‘దవాఖాన కాడ ఉన్నడు’ అంటే సరే, వస్తడు అనుకుంటం. వాడికి ఆ తెలుగు వచ్చు. కానీ గ్రూపుల ఇంగ్లిష్‌ల రాయాలె అన్న అలవాటు.

చాలా రోజులు ఆ తప్పు ఆ ఎట్ మీద, ఆ పిల్లగాడి మీద వేసి తప్పించుకున్న. ఇప్పుడు ఇది రాస్తుంటే అట్ల అనబుద్ధి కావట్లే. వాడు 22 ఏండ్ల పిల్లగాడు, తండ్రి పడకల, వాడి చేతిల ఫోను. వాడు రాసిందాంట్ల దవాఖాన అన్న మాట ఉన్నది. ఏందిరా సంగతి అని ఒక్క ఫోన్ చేస్తే తెలిసేది. మేము ఒక్క అక్షరం ఆసరా చేసుకుని ఊకున్నం. వ్యాకరణం తప్పు వాడిది కావొచ్చు, మనిషితనం తప్పు మాది.

మా మేనకోడలు ‘ఎట్ తీసేసిన మామా’ అన్నప్పుడు నాకు నిద్ర ఎందుకు పట్టలేదో ఇప్పుడు మీకు అర్థమై ఉంటది. నాకు ఆ మాట తొమ్మిదో తరగతిది ఒక్కటే కాదు, బావ మంచం పక్కది కూడా.

మళ్లీ పుస్తకం సంగతికి వస్త. ఇదంతా చూసినంక ఎట్ మీద నా కోపం కూడా కొంత పోయింది. ఎందుకో చెప్త.

మా తాత పుట్టింది భాల్కిలనే, పోయింది భాల్కిలనే. ఆయన పుట్టినప్పుడు ఊరు నిజాం ఏలుబడిల, హైదరాబాద్ సంస్థానంల ఉన్నది. 1948 సెప్టెంబర్ 17 తర్వాత సంస్థానం ఇండియాల కలిసింది. 1956 నవంబర్ 1న భాషా రాష్ట్రాలు ఏర్పడ్డప్పుడు హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలైంది. తెలంగాణ ఆంధ్రప్రదేశ్‌కు, మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రానికి, మన బీదర్ దిక్కు మైసూరుకు పోయినయి. 1973 నవంబర్ 1న ఆ మైసూరు పేరే కర్ణాటక అయింది. మా తాత గడప దాటలేదు. ఇన్ హైదరాబాద్, ఇన్ మైసూర్, ఇన్ కర్ణాటక అని మూడు ఇన్‌లు ఆయన మీది నుంచి పోయినయి. మారంది ఒక్కటే, ఎట్ భాల్కి. ఆ చుక్క కదలలేదు. మనలో చాలామంది చుట్టాలు ఒక్కరోజుల వేరే రాష్ట్రపోళ్లు అయిన్రు, భాష వేరే రాష్ట్రానిది అయింది, కానీ అడ్రసు అదే. అందుకని మా సార్ బోర్డు మీద రాసిన ఎట్ చిన్నతనం అని నేను ఇప్పుడు అనుకోవట్లే. గట్టిగ నాటిన మేకు లెక్క అనిపిస్తున్నది.

లోపలికీ బయటికీ తేడా మన ఊరికి ఎవరూ నేర్పక్కర లేదు. హిరేమఠం చన్నబసవ పట్టద్దేవర కథ ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. నిజాం కాలంల బడులల్ల ఉర్దూ చదువే నడిచేది. ఆయన బయట ఉర్దూ బోర్డు పెట్టి లోపల పిల్లలకు కన్నడం చెప్పించిండు. ఇంగ్లిష్‌ల చెప్పాలంటే ‘ఆన్ ది బోర్డ్’ ఉర్దూ, ‘ఇన్ ది రూమ్’ కన్నడం. 1999ల ఆయన లింగైక్యం అయ్యేదాక ఆ మఠం బడులు, ఆ పని సాగినయి, ఇప్పుడూ సాగుతున్నయి. మనం తెలుగోళ్లం, అది కన్నడం కథ అనుకోవద్దు. బడిల ఒక భాష, బజార్ల ఒక భాష, ఇంట్ల ఒక భాష ఉన్న మనలాంటోళ్లకు అది పాఠం. బయట బోర్డు ఏదన్నా ఉండనీ, లోపల అమ్మ భాష ఆరిపోవద్దు.

ఇక పని మాటలు. మా మేనకోడలితో కూచుని పుస్తకానికి ఈ పద్ధతి అనుకున్నం. మీకు వేరేగ అనిపిస్తే చెప్పండి.

పుట్టిన ఊరికి, ఉన్న ఊరికి ‘ఇన్’. ఊరు చిన్నదైనా, తండా అయినా సరే. ఏ ఊరినీ చిన్నగ చేయొద్దు. ఇంటి నంబరుతో పూర్తి అడ్రసుకు, పని చేసే చోటుకు, చదివిన బడికి ‘ఎట్’. ఎన్నో అంతస్తు, ఏ రోడ్డు అన్నదానికి ‘ఆన్’. తెలుగు పేజీల ఎవరి నోటికి వచ్చినట్టు వాళ్లు ‘లో’ అనండి, ‘ల’ అనండి, ‘కాడ’ అనండి. అది దిద్దం.

రెండో మాట ముఖ్యం. గ్రూపుల రోగం, చావు, ఆపద వార్త పెట్టేటప్పుడు అచ్చ తెలుగుల పెట్టండి. రాయ రాకపోతే వాయిస్ పెట్టండి. ఎవరు, ఏ దవాఖాన, చేర్చుకున్నరా లేదా, రాత్రి తోడు ఎవరున్నరు, ఈ నాలుగు ముక్కలు ఉండాలె. చదివినోళ్లు బొమ్మ పెట్టి ఊకోవద్దు. ఒక్కరన్నా ఫోన్ చేయాలె. ఆ ఒక్కరు ఎవరని చూడకండి, ముందు చదివినోళ్లు మీరే అనుకోండి.

నా వాక్యం ఇప్పుడు ‘ఐ వాజ్ బార్న్ ఇన్ భాల్కి’ అని ఉన్నది. మొన్న బావకు చదివి వినిపించిన. ఆయనకు ఇంగ్లిష్ అంతగా రాదు. “ఇన్ అంటే లోపలనా?” అన్నడు. అవును బావా అన్న. “మరి నాది కూడా గట్లనే రాయి” అన్నడు. రాసిన.

మీ ఇంటి వివరాలు ఇంకా పంపనోళ్లు ఈ వారంల పంపండి. ఇట్లాంటి మాట తేడాతో మీ ఇంట్ల ఏమన్నా జరిగి ఉంటే కింద రాయండి, చదువుత.